పాతాళం తలుపుల వెనుక

2024 మే 20వ తేదీన లోక్‌సభ ఎన్నికల అయిదవ విడత పోలింగు జరిగింది. రాజధానిలోని రాజకీయ వర్గాలన్నీ ఎవరికి ఎన్ని స్థానాలు దక్కుతాయన్న లెక్కలలో మునిగి ఉన్నాయి. అదే రాత్రి కేరళలో, కొచ్చికి కొద్దిగా ఎగువన, పెరియార్ నదిలో చేపలు గుంపులు గుంపులుగా పైకి తేలి చనిపోసాగాయి. తెల్లవారేసరికి ఏలూర్, ఎడయార్, వరాపుళ, కడమక్కుడి, చేరానల్లూర్ ప్రాంతాలలో నది వెండి రేకు పరచినట్లు ఉన్నది. పంజరాలలో చేపలు పెంచుకునే వారి పెట్టుబడి ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయింది. బాధితులు కుళ్లిన చేపలను గంపలతో తెచ్చి కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయం ఎదుట కుమ్మరించారు. ఢిల్లీ పత్రికలలో ఈ వార్తకు దొరికిన చోటు స్వల్పం. ఎన్నికల వేళ అది సహజమే. కాని ఆ తరువాత సాగిన వివాదాన్ని గమనించిన వారికి ఇది ఒక నదికి, ఒక రాష్ట్రానికి పరిమితమైన విషయం కాదని తోచక మానదు.

వివాదం ఇది. చేపల మరణానికి కారణం నీటిలో ప్రాణవాయువు తగ్గిపోవడమేనని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించింది. వర్షాలు పడగానే పాతాళం వద్ద ఉన్న రెగ్యులేటర్ తలుపులను ఎత్తివేయడంతో, ఎగువన నిలవ ఉన్న ప్రాణవాయువు లేని నీరు ఒక్కసారిగా దిగువకు దూకిందన్నది మండలి వాదం. ఇరిగేషన్ శాఖ దీనిని అంగీకరించలేదు. మత్స్య విశ్వవిద్యాలయ నిపుణులు నీటిలో అమోనియా, సల్ఫైడు ప్రమాదకరమైన స్థాయిలో ఉన్నట్లు కనుగొన్నారు. పరిశ్రమలు రాత్రిపూట వదిలిన వ్యర్థాలే కారణమని మత్స్యకారుల ఆరోపణ. వ్యవహారం హైకోర్టుకూ, హరిత ట్రిబ్యునల్‌కూ చేరింది.

ఆనాటి ప్రకటనలను నేను వరుసగా పెట్టుకుని మరల చదివాను. ఎవరూ అబద్ధం చెప్పినట్లు కనిపించదు. కాని ప్రతి శాఖా తన బాధ్యత మొదలయ్యే చోటికి వచ్చేసరికి వాక్యాన్ని ఆపివేసింది. ప్రాణవాయువు తగ్గినదన్నారు, నిజమే. ఎందుకు తగ్గినది? ఎవరు దానిని హరించారు? ఎన్నాళ్ల నుంచి? గొంతు నులిమిన కేసులో ఊపిరి ఆడక మరణించాడని వ్రాసి దస్త్రం మూసివేస్తే ఏ న్యాయస్థానమైనా ఒప్పుకుంటుందా?

ఈ ప్రశ్నలకు సమాధానం రాజకీయవేత్తల దగ్గర లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవుల దగ్గర ఉన్నది.

నది సముద్రంలో కలిసే మొగలో రెండు నీళ్లు ఉంటాయి. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. ఆటుపోట్ల ఊపు చాలినంతగా ఉంటే రెండూ కలిసిపోతాయి. ఊపు తగ్గినప్పుడు, లేదా నదికి అడ్డంగా తలుపు దించినప్పుడు, మంచినీరు పైపొరగాను, ఉప్పునీరు అడుగుపొరగాను విడిపోతాయి. రెగ్యులేటర్ మూసినంత మాత్రాన ఉప్పునీరు పూర్తిగా ఆగదు. తలుపుల సందుల నుంచి జారి అడుగున చేరుతుంది. ఎండకు పైనీరు వేడెక్కితే పొరల మధ్య గోడ మరింత గట్టిపడుతుంది. పైపొరకు గాలి తగులుతుంది, వెలుగు తగులుతుంది, అందులోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది. అడుగుపొరకు ఈ మూడూ లేవు. తలుపు దించిన నాడు దానిలో ఎంత ప్రాణవాయువు కరిగి ఉన్నదో అదే దాని ఆస్తి.

ఆ ఆస్తి ఎంత? లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో ఎంత కరిగించినా ఏడున్నర మిల్లీగ్రాములకు మించి నిలవదు. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. ఈ కొద్దిపాటి నిధిపై ఆధారపడిన వారిలో చేపలు అల్పసంఖ్యాకులు. మొగ నీటిలో ఒక్క చెంచాకు అరకోటి దాకా బాక్టీరియాలు ఉంటాయి. పైపొరలో చచ్చిన నాచు, పట్టణాల మురుగు, కర్మాగారాల సేంద్రియ వ్యర్థాలు అడుగుకు జారుతుంటే వాటిని తిని ఇవి బతుకుతాయి. తిండి ఎంత ఎక్కువ పడితే అంత ప్రాణవాయువును ఇవి ఖర్చు చేస్తాయి. లీటరుకు రెండు మిల్లీగ్రాముల కంటె దిగజారితే చేపలకు ఊపిరి కష్టం. భీమవరం, కైకలూరు ప్రాంతాల చెరువుల రైతులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున చేప తల పైకి పెట్టిందంటే అర్థమేమిటో వారికి తెలుసు. నీటిని చిలికే యంత్రాలను వారు రాత్రంతా తిప్పేది అందుకే.

ప్రాణవాయువు అయిపోతే సూక్ష్మజీవులు చనిపోతాయనుకుంటే పొరపాటు. అవి పద్ధతి మార్చుకుంటాయి. ప్రాణవాయువు లేకపోతే నైట్రేటుతో ఊపిరి తీసే జాతులు రంగంలోకి వస్తాయి. ఈ దశలో నత్రజని వాయువుతో పాటు కొంత నైట్రస్ ఆక్సైడు కూడ వెలువడుతుంది. భూగోళాన్ని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 270 రెట్లు బలమైనది. నైట్రేటు కూడ అయిపోతే మాంగనీసు, ఇనుము వంతు. అవీ తీరితే సల్ఫేటు. సముద్రపు నీటిలో సల్ఫేటుకు కరువు లేదు, లీటరుకు రెండున్నర గ్రాములకు పైగానే ఉంటుంది. దానిని వాడుకునే బాక్టీరియాలు వదిలేదే సల్ఫైడు, కుళ్లిన కోడిగుడ్ల వాసన. బురద నల్లబడడం దానికి గుర్తు. అన్నిటికీ చివర మీథేను పుట్టించే జీవులు. ఈ వరుస ఇంచుమించు తప్పదు. ముందరి మెట్టు దిగకుండా తరువాతి మెట్టు మీద అడుగు పడదు.

అమోనియా సంగతి కూడ ఇక్కడే తేలుతుంది. మామూలు రోజులలో అమోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియాలు నీటిలో ఉంటాయి. అయితే వాటికి ప్రాణవాయువు కావాలి. అది లేనిచోట అమోనియా కుప్పపడుతుంది. ఢిల్లీవాసులకు ఇది పరిచితమైన కథ. యమునలో అమోనియా పెరిగినదని, నీటిశుద్ధి కేంద్రాల ఉత్పత్తి తగ్గించామని ఏటా చలికాలంలో ప్రకటనలు వెలువడుతూనే ఉంటాయి. ఆ మరుసటి రోజు హర్యానా, ఢిల్లీ ప్రభుత్వాల మధ్య పరస్పర నిందారోపణలు వెలువడడం కూడ ఆనవాయితీగా ఉండేది.

ఇప్పుడు పెరియార్‌కు తిరిగి వద్దాము. మండలి చెప్పిన ప్రాణవాయువు లోపానికీ, విశ్వవిద్యాలయం కనుగొన్న అమోనియా, సల్ఫైడులకూ వైరుధ్యమేమీ లేదు. అవి ఒకే వరుసలోని మెట్లు. సల్ఫైడు గల నీరు దిగువకు దూకినప్పుడు అది చేపల శ్వాసను నేరుగా అడ్డగించడమే కాక, దిగువ నీటిలోని ప్రాణవాయువును కూడ హరిస్తుంది. కనుక అడగవలసినది చేపలను ఏది చంపినదని కాదు. ఆ సల్ఫైడు ఎక్కడిదని. దీనికి రెండే సమాధానాలు. తలుపుల వెనుక అడుగుపొర చాలినంత కాలం మూతబడి, చాలినంత మురుగు తిని, సూక్ష్మజీవులు ఒక్కొక్క మెట్టే దిగి సల్ఫేటు దాకా చేరి ఉండాలి. లేదా ఎవరో సల్ఫైడు, అమోనియా గల వ్యర్థాన్ని నేరుగా వదిలి ఉండాలి. మొదటిది నిజమైతే తలుపు వేసిన వారికీ, మురుగు వదిలిన వారికీ కూడ భాగం ఉన్నది. రెండవది నిజమైతే అది నేరం. రెంటినీ వేరుచేసి తేల్చడానికి కావలసినది ఒక్కటే. తలుపులు ఎత్తడానికి ముందు వారాలలో, నదికి అడుగున, రేయింబవళ్లు కొలిచిన లెక్క. దానితో మొదటి అనుమానాన్ని నిలబెట్టవచ్చు, లేదా కొట్టివేయవచ్చు. సంఘటన జరిగిన తరువాత తీసిన నమూనా ఎంత శ్రద్ధగా తీసినా ఆ పని చేయజాలదు.

పాతాళం అన్న పేరు మలయాళంలోనూ మనకు అర్థమైనట్లే ఉంటుంది. పేరు పెట్టిన వారు దూరదృష్టి గలవారని అనుకోవాలి.

ఇట్టి తలుపులు ఎందుకు కట్టారన్నది కూడ న్యాయంగా చెప్పుకోవాలి. ఆలువా వద్ద రెండు పాయలుగా చీలే పెరియార్‌లో వేసవి ప్రవాహం పలచన. దాని ఎగువ నీటిలో కొంత 1895 నుంచి ముల్లపెరియార్ ద్వారా తమిళనాడుకు వెళుతున్నది. మిగిలినది జలవిద్యుత్తుకు లొంగి నడుస్తున్నది. సముద్రపు పోటు ఎదురెక్కి వస్తే పట్టణాల తాగునీటికీ, 1940ల నుంచి ఆ ఒడ్డున వెలసిన పరిశ్రమలకూ ఉప్పు బెడద. కనుక అడ్డుగోడ కట్టారు. ఇంజనీరుకు ఉప్పును ఆపమన్నారు, ఆపాడు. ప్రాణవాయువు సంగతి ఆయనను ఎవరూ అడగలేదు.

దక్షిణాన వేంబనాడ్ సరస్సులో ఇదే కథ మరింత పెద్ద ఎత్తున సాగింది. సముద్రమట్టానికి దిగువన వరి పండించే కుట్టనాడును ఉప్పు నుంచి కాపాడడానికి తన్నీర్‌ముక్కం వద్ద ఒక కిలోమీటరుకు పైబడిన కట్టను నిర్మించి 1976లో వాడుకలోకి తెచ్చారు. డిసెంబరు నడుమ మూసి మార్చిలో తెరవాలన్నది మొదటి ఏర్పాటు. కోతలు ఆలస్యమైనప్పుడల్లా తెరిచే తేదీ వెనక్కు పోతూ వచ్చింది. కట్టకు ఒకవైపు వరి రైతు, మరొకవైపు మత్స్యకారుడు. తలుపులు ఎప్పుడు ఎత్తాలన్నదానిపై ఏటా పంచాయితీయే. మూసిన నెలలలో దక్షిణ భాగానికి ఆటుపోట్లు అందవు. ఎరువులు, పురుగు మందులు, మురుగు అక్కడే నిలుస్తాయి. గుర్రపుడెక్క నీటిని కప్పివేస్తుంది. ఉప్పులో పెరిగే రొయ్యకు దారి మూసుకుపోతుంది. 2007లో స్వామినాథన్ సంస్థ ఇచ్చిన నివేదిక ఈ కట్ట నిర్వహణను ప్రధాన సమస్యలలో ఒకటిగా చూపింది. ఆ నివేదిక ఆధారంగా దాదాపు 1,840 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం ఆమోదించింది. వరికీ చేపకూ మధ్య రాజీ కుదరడానికి మాత్రం అది చాలలేదు.

ఇది సముద్రం నుంచి వచ్చే సహజ విపత్తు కదా, మనమేమి చేయగలమన్న వాదం ఒకటి అధికార వర్గాలలో వినిపిస్తుంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. నైరుతి ఋతుపవన కాలంలో మన పశ్చిమ తీరం వెంట లోతులలోని ప్రాణవాయువు తక్కువైన నీరు పైకి ఉబికి తీరానికి చేరుతుంది. కొచ్చి మొగలో వర్షపునీరు పైన పారుతుంటే అడుగున ఈ నీరు లోపలికి చొరబడుతుంది. 1960 దశకంలోనే డాక్టర్ ఎస్. జెడ్. ఖాసిం, ఆయన సహచరులు కొచ్చి కాయల్ నీటిలో ఋతువును బట్టి వచ్చే ఈ మార్పులను కొలిచి ప్రకటించారు. ఆ ఖాసిమే తరువాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు సారథ్యం వహించి, తొలి అంటార్కిటికా యాత్రకు నాయకుడై, ఢిల్లీలో సముద్రాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేశారు. అనగా ఈ జ్ఞానం కేంద్ర ప్రభుత్వ గదులలోకి రావడానికి వేరే దారి వెదకవలసిన అవసరం లేకపోయింది, అది స్వయంగా వచ్చి కుర్చీలో కూర్చున్నది. 2000లో అదే సంస్థకు చెందిన నక్వీ, ఆయన బృందం పశ్చిమ తీరపు నీటిలో ప్రాణవాయువు లోపం తీవ్రమవుతున్నదని, నైట్రస్ ఆక్సైడు మిక్కుటంగా పుడుతున్నదని అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. భూమి మీది నుంచి చేరే నత్రజని ఇందుకు దోహదం చేస్తున్నదేమోనన్న అనుమానం కూడ వెలిబుచ్చారు. సహజంగానే బలహీనంగా ఉన్న రోగికి మనం ఇంకొంచెం విషం పోయవచ్చునన్నది ఏ వైద్యశాస్త్రమో నాకు అర్థం కాదు. పైగా పెరియార్ చేపలు చచ్చినది మే నెలలో, నైరుతి రాకకు ముందు.

ఢిల్లీలో ఈ విషయాన్ని పట్టించుకోవలసిన వారెవరని విచారిస్తే పరిస్థితి విచిత్రంగా కనిపిస్తుంది. రాజ్యాంగం ప్రకారం నీరు రాష్ట్రాల జాబితాలోనిది, లోతట్టు చేపలూ అంతే. కాలుష్యానికి 1974 నాటి జల చట్టం, పర్యావరణానికి 1986 చట్టం ఉన్నాయి. సముద్రానికి భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ, నదులకు జలశక్తి, చేపలకు 2019లో ఏర్పడిన వేరే మంత్రిత్వ శాఖ. తీరపు మండలి నిబంధనలు వేరు, చిత్తడి నేలల నిబంధనలు వేరు. మొగ వీటన్నిటికీ చెందుతుంది కనుక దేనికీ చెందదు. 2023లో హరిత ట్రిబ్యునల్ వేంబనాడ్, అష్టముడి సరస్సుల కాలుష్యాన్ని అరికట్టనందుకు కేరళ ప్రభుత్వానికి 10 కోట్ల రూపాయల జరిమానా విధించింది. రాష్ట్ర ఖజానా నుంచి వసూలయ్యే జరిమానా వల్ల ఏ తలుపు ఎవరు ఎప్పుడు ఎత్తాలన్నది మారదు. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు జల చట్టాన్ని సవరించి పలు ఉల్లంఘనలకు జైలు శిక్షను తొలగించి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాగా మార్చింది. మొదట అది హిమాచల్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. ఇతర రాష్ట్రాలు తీర్మానం చేసి చేరవచ్చు. చర్చలో వ్యాపార సౌలభ్యం గురించి విన్నంతగా నదుల గురించి వినలేదు.

అసలు లోపం కొలతలో ఉన్నది. చేపలకు తగిన నీరు అనిపించుకోవాలంటే లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని కేంద్ర మండలి ప్రమాణం. ప్రమాణం మంచిదే. జాతీయ పర్యవేక్షణ పథకం కింద నమూనాలు తీసేది మాత్రం సాధారణంగా నెలకో, మూడు నెలలకో ఒకసారి. పగటిపూట ఒడ్డు నుంచో, వంతెన మీది నుంచో ముంచిన బిందెడు నీటిలో పైపొర మాత్రమే వస్తుంది. నాచు దట్టంగా ఉన్న పైపొరలో మధ్యాహ్నం ప్రాణవాయువు అవసరానికి మించి కూడ కనిపించవచ్చు. రెండు మీటర్ల కింద సున్న ఉన్నా కాగితం మీద నది ఆరోగ్యంగానే ఉంటుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం కొచ్చి, విశాఖ తీరాల వద్ద నీటి నాణ్యతను ఎడతెగకుండా కొలిచే తేలుబోయలను ఉంచింది. అనగా మనకు యంత్రం చేతకాక కాదు. దానిని సముద్రంలో ఉంచాము, రెగ్యులేటర్ వెనుక అట్టడుగున ఉంచవలసిన అవసరాన్ని గుర్తించలేదు. పరిశ్రమల గొట్టాల వద్ద నిరంతర కొలత పరికరాలు పెట్టాలని కేంద్ర మండలి 2014లోనే ఆదేశించింది. గొట్టానికి ఉన్న నియమం తలుపుకు ఎందుకు ఉండరాదు? తలుపుకు రెండువైపులా, పైనా అడుగునా ప్రాణవాయువును కొలిచి, ఆ అంకెలను ప్రజలకు కనిపించేటట్లు ఉంచి, అడుగుపొర దిగజారక ముందే కొద్దికొద్దిగా నీటిని వదలడం సాధ్యం. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు.

అమెరికాలో చీసపీక్ మొగ లోతట్టు ప్రతి వేసవిలోనూ ఇదే విధంగా ఊపిరి కోల్పోతుంది. అక్కడి రాష్ట్రాలు 1983లో ఒప్పందానికి వచ్చాయి. 1984 నుంచి లోతుల దాకా కొలుస్తున్నారు. 2010లో కేంద్ర సంస్థ ఆరు రాష్ట్రాలకు, రాజధాని జిల్లాకు నత్రజని, భాస్వరం పరిమితులు నిర్ణయించింది. 2025 నాటి లక్ష్యాలను వారు పూర్తిగా అందుకోలేదు. అయినా ఏ రాష్ట్రం ఎంత వెనుకబడినదో అంకెలతో వాదించుకునే స్థితిలో వారున్నారు.

మన తీరానికి వస్తే, గోదావరి ధవళేశ్వరం దిగువన వరద రోజులలో ఒక నది, తరువాత మరొక నది. విశాఖలోని సముద్ర విజ్ఞాన కేంద్రం శాస్త్రజ్ఞులు వరద కాలంలో మొగలో సూక్ష్మజీవుల శ్వాస నాచు ఉత్పత్తిని మించిపోతున్నదని, బొగ్గుపులుసు వాయువు విస్తారంగా వెలువడుతున్నదని చూపారు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి తెచ్చే మంచినీరు బంగాళాఖాతంపై మూతలా పరచుకుని పైనీరు కిందికి కలవకుండా చేస్తున్నది. 2017లో అంతర్జాతీయ బృందం ఒకటి అక్కడి లోతులలో నత్రజనిని వాయువుగా మార్చే సూక్ష్మజీవులు ఉన్నా అవి ఇంచుమించు పని లేకుండా ఉన్నాయని, అతి స్వల్పంగా మిగిలిన ప్రాణవాయువే వాటిని ఆపుతున్నదని కనుగొన్నది. పొలాల నుంచి జారే ఎరువు మరి కొంత పెరిగితే ఆ కొద్దిపాటి అడ్డు తొలగవచ్చు. 2019 అక్టోబరులో దక్షిణాసియా దేశాలు పాల్గొన్న సమావేశంలో నత్రజని వృథాను 2030 నాటికి సగానికి తగ్గించాలని కొలంబో ప్రకటన వెలువడింది. ఢిల్లీలో ఏ పార్టీ నాయకుడూ యూరియా ధర జోలికి పోడు. రైతు పరిస్థితి ఎరిగిన వారెవరూ పోలేరు కూడ. నత్రజని చర్చ అక్కడే ఆగుతున్నది.

ఏలూర్ పేరు విన్నప్పుడల్లా నాకు మన ఏలూరు జ్ఞప్తికి వస్తుంది. వేంబనాడ్, కొల్లేరు ఒకే నాడు, 2002 ఆగస్టు 19న, రాంసర్ జాబితాకు ఎక్కాయి. కొల్లేరులోకి ఉప్పునీరు ఎదురెక్కకుండా ఉప్పుటేరుపై రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఎంతోకాలంగా నలుగుతున్నది. సరస్సు ఉప్పు బారిన పడడం నిజమైన బాధ, ఆ ప్రతిపాదన కోరేవారిని తప్పు పట్టలేము. కాని సరస్సు చుట్టూ చెరువుల మురుగు ఎంత చేరుతున్నదో, పట్టణాల నుంచి ఏమి దిగుతున్నదో ఆ ప్రాంతం వారికి తెలియనిది కాదు. తలుపుల వెనుక నిలిచే నీటిలో అడుగున ప్రాణవాయువు ఎన్ని రోజులు ఉంటుంది, తగ్గితే ఏ అధికారి ఏ అంకెను చూసి తలుపు ఎత్తుతాడు, ఆ నిర్ణయంలో దిగువన వల వేసుకునే మత్స్యకారునికి స్థానమున్నదా అన్న మూడు ప్రశ్నలకు ప్రాజెక్టు నివేదికలోనే సమాధానాలు ఉండాలి. పాతాళం వద్ద ఆ ప్రశ్నలు చేపలు చచ్చిన తరువాత వచ్చాయి. ఉప్పుటేరు విషయంలో వాటిని అడిగే వీలు మన శాసనసభ్యులకు ఉన్నది.